భారతదేశంలో పెద్దవాళ్లలో డిమెన్షియా ఎంతమందికి ఉంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక పత్రికలో 37 లక్షలు, ఇంకో దాంట్లో 53 లక్షలు, టీవీలో 88 లక్షలు, ఫోన్‌లో వచ్చిన మెసేజీలో కోటి. ఏది నమ్మాలో తెలియక జనం మళ్లీ మళ్లీ అవే ప్రశ్నలు అడుగుతున్నారు. వాటన్నిటినీ ఇక్కడ ఒకచోట చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

## ముందు అసలు అంకె

మన దేశంలో డిమెన్షియా ఉన్నవాళ్లు ఎంతమంది? ఒక్క ముక్కలో చెప్పండి.

60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం. అంటే సుమారు పదమూడు, పద్నాలుగు మందిలో ఒకరు. తలల లెక్కన 88 లక్షలు. ఢిల్లీ ఎయిమ్స్, అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కలిసి నడిపిన లాసీ-డాడ్ అనే అధ్యయనం నుంచి 2023లో ఈ అంచనా వెలువడింది. దేశం మొత్తానికీ వర్తించేలా ఎంచుకున్న నమూనా మీద, ఒకే పద్ధతిలో చేసిన లెక్క కాబట్టి ప్రస్తుతానికి దీన్నే ఆధారంగా తీసుకోవడం మంచిది.

మరి కొన్నిచోట్ల కోటి అని ఎందుకు రాస్తున్నారు?

కోటి రెండు దారుల్లో వస్తుంది. మొదటిది మామూలు గుణకారం. 88 లక్షలను 7.4 శాతంతో వెనక్కి లెక్కిస్తే దాని వెనకున్న వృద్ధుల జనాభా దాదాపు 11.9 కోట్లని తేలుతుంది. 2021కి వేసిన అంచనాల ప్రకారం 60 దాటినవాళ్లు 13.8 కోట్లు. శాతం మార్చకుండా ఈ జనాభాకు లెక్కగడితే 1.02 కోట్లు వస్తుంది. రోగం పెరగలేదు, ముసలివాళ్ల సంఖ్య పెరిగింది.

రెండోది పద్ధతిలో తేడా. లాసీ-డాడ్‌కు పునాది అయిన లాసీ అనే జాతీయ సర్వే (దాని వివరాలు కింద ఉన్నాయి) సమాచారం మీదే కృత్రిమ మేధతో చేసిన మరో విశ్లేషణలో 8.44 శాతం, అంటే 1.008 కోట్లు అని వచ్చింది. కోటి అని చదివితే అది ఈ రెండింటిలో ఏదో చూసుకోండి. రెండూ తప్పులు కావు, కానీ రెండింటినీ కలిపి "ఇంత పెరిగింది" అని చెబితే మాత్రం తప్పు.

2010లో 37 లక్షలే కదా? పదేళ్లలో రెట్టింపు దాటిపోయిందా?

లేదు. ఇది చాలామంది చేసే పొరపాటు. అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా 2010లో ఇచ్చిన నివేదికలో 37 లక్షలు అని ఉంది. అప్పటిదాకా కేరళలో ఒక ఊరు, తమిళనాడులో ఒక ఊరు, హర్యానాలో ఒక ప్రాంతం అన్నట్టు విడివిడిగా జరిగిన చిన్న అధ్యయనాలను కూర్చి వేసిన అంచనా అది. అప్పటి వృద్ధుల జనాభా పది కోట్ల చిల్లర అనుకుంటే శాతం 3.7కి అటూఇటూగా ఉంటుంది. అదే సంస్థ 2020 నివేదికలో 53 లక్షలు అని చెప్పింది. తర్వాత వచ్చిన 88 లక్షలు వేరే కొలబద్ద. తూకపు రాయి మార్చాక బరువు పెరిగిందనడం ఎలాంటిదో, 37నూ 88నూ ఒకే గీత మీద పెట్టి గ్రాఫ్ గీయడం అలాంటిది.

డిమెన్షియా, అల్జీమర్స్ ఒకటేనా? ఈ లెక్క దేని గురించి?

ఒకటి కాదు. జ్ఞాపకశక్తి, ఆలోచన, మాట, దారి గుర్తుపట్టడం లాంటివి దెబ్బతిని, రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేని స్థితిని డిమెన్షియా అంటారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీన్ని చిత్తవైకల్యం అని రాస్తారు. దానికి కారణాలు చాలా ఉన్నాయి, అల్జీమర్స్ వాటిలో ఒకటి. 7.4 శాతం అన్నిరకాల డిమెన్షియాలకూ కలిపిన అంకె.

మనదగ్గర రక్తనాళాల వల్ల వచ్చే రకానికి పెద్ద వాటానే ఉంది. హైదరాబాద్‌లోని నిమ్స్ మెమరీ క్లినిక్‌కు వచ్చిన 347 మంది రోగులను చూస్తే అల్జీమర్స్ 38 శాతం, రక్తనాళాల రకం పాతిక శాతం, మెదడు ముందుభాగం, పక్కభాగాలు కుంచించుకుపోయే ఫ్రంటోటెంపోరల్ రకం దాదాపు 19 శాతం. ఇది ఆసుపత్రికి నడిచి వచ్చినవాళ్ల లెక్క, ఊళ్లో ఉన్నవాళ్ల లెక్క కాదు. అయినా బీపీ, షుగరు, పక్షవాతం ఉన్న ఇళ్లలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదని మాత్రం చెబుతుంది.

60 లోపు వాళ్లకు రాదా?

వస్తుంది, అరుదుగా. 65 ఏళ్లకు ముందే మొదలయ్యే కేసులు ప్రపంచవ్యాప్తంగా మొత్తంలో 9 శాతం దాకా ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 88 లక్షల్లో 60 లోపు వాళ్లు లేరు.

## ఈ లెక్క ఎలా తీశారు

ఇంటింటికీ తిరిగి అందరినీ పరీక్షించారా?

అందరినీ కాదు. మూడు అంచెలుగా సాగింది. ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ 2017-18లో 45 ఏళ్లు దాటిన 72 వేల పైచిలుకు మందితో లాసీ అనే పెద్ద సర్వే చేసింది. అందులో 60 దాటినవాళ్లు 31 వేలకు పైనే. వారిలోంచి 4,096 మందిని ఎంచి లోతైన పరీక్షలు చేశారు. జ్ఞాపకం, మాట, లెక్క, దృష్టి నిలపడం పరీక్షించి, రక్తం తీసి, ఆ పెద్దవాళ్లను బాగా ఎరిగిన ఒకరిని విడిగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారు.

ఆ తర్వాత 2,528 మంది ఫైళ్లను డాక్టర్లు ఆన్‌లైన్‌లో చదివి, ఎవరికి వారు సీడీఆర్ అనే కొలబద్ద మీద మార్కు వేశారు. 0 అంటే బాగున్నారు, 0.5 అంటే అనుమానం, 1 నుంచి 3 దాకా డిమెన్షియా. మార్కులు కలవనిచోట చర్చించి ఏకాభిప్రాయానికి వచ్చారు. వయసు, చదువు, పరీక్షల మార్కులను బట్టి అక్కడ తేలిన సంబంధాన్ని పెద్ద సర్వేలోని మిగతా వృద్ధులకూ వర్తింపజేసి జాతీయ, రాష్ట్ర శాతాలు రాబట్టారు.

ఇందులో బలహీనత చివరి అంచెలో ఉంది. లెక్కలోకి వచ్చిన ఎక్కువమందిని డాక్టరు చూడలేదు, వారి సంగతి గణితం చెప్పింది. దేశం మొత్తానికి ఇది చెల్లుతుంది. చిన్న రాష్ట్రానికి వచ్చేసరికి పొరపాటుకు చోటు పెరుగుతుంది.

మా నాయనమ్మకు చదువు రాదు. "ఈరోజు తారీఖు ఎంత" అని అడిగితే చెప్పదు. అంత మాత్రాన డిమెన్షియా అని రాసేస్తారా?

రాసేయకూడదు. అందుకే పరీక్షనే మార్చుకున్నారు. పాశ్చాత్య దేశాల 30 మార్కుల ఎంఎంఎస్ఈ పరీక్షలో వాక్యం రాయమనీ, కాగితం మీదున్నది చదివి అలా చెయ్యమనీ అడుగుతారు. బడికి వెళ్లని మనిషి అక్కడే ఓడిపోతుంది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం తయారుచేసిన హిందీ రూపంలో ఇప్పుడు పొద్దునా, మధ్యాహ్నమా, సాయంత్రమా అని అడిగారు. "కళ్లు మూసుకోండి" అని రాసిన కాగితం చూపించకుండా, "నా ముఖం చూసి నేను చేసినట్టే చెయ్యండి" అన్నారు. వాక్యం రాయమనే బదులు ఇంటి గురించి ఒక మాట చెప్పమన్నారు.

తెలుగులోనూ పరీక్షలు ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి తయారుచేసిన పరీక్షల సంపుటి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషల్లో ఉంది. పరీక్ష పెట్టేవాళ్లు ఇంగ్లిషు కాగితాన్ని అప్పటికప్పుడు నోటితో తెలుగు చేసి అడుగుతున్నారంటే ఆ మార్కుకు విలువ లేదు. తారీఖు చెప్పలేని నాయనమ్మ రేపు అమావాస్య అని తడుముకోకుండా చెబితే, ఆమెకు కాలం మీద పట్టుందనే అర్థం.

ఒకే పల్లెలో ఒకరు అర శాతం కూడా లేదంటారు, ఇంకొకరు ఎన్నో రెట్లు ఎక్కువంటారు. ఎలా సాధ్యం?

డిమెన్షియా అని పిలవడానికి పెట్టిన షరతును బట్టి. 10/66 అనే అంతర్జాతీయ పరిశోధన బృందం చెన్నై నగరంలో, వేలూరు దగ్గరి పల్లెల్లో 65 దాటినవాళ్లను పరీక్షించింది. అమెరికా మానసిక వైద్యుల డీఎస్‌ఎం-4 నిర్వచనం ప్రకారం గ్రామీణ భారతంలో వచ్చింది 0.3 శాతం మాత్రమే. అదే బృందం తన సొంత పద్ధతిలో కొలిస్తే వేర్వేరు దేశాల్లోని కేంద్రాల్లో 5.6 నుంచి 11.7 శాతం దాకా తేలింది, మన పల్లెలు కూడా ఆ హద్దుల్లోనే ఉన్నాయి. 2008లో వచ్చిన ఈ ఫలితం దగ్గర కాసేపు ఆగాలి.

డీఎస్‌ఎం-4 ప్రకారం, రోజువారీ జీవితం దెబ్బతిన్నదని ఇంట్లోవాళ్లు చెబితేనే లెక్కలోకి వస్తుంది. మన ఉమ్మడి ఇంట్లో 75 ఏళ్ల తాతయ్య బ్యాంకుకు వెళ్లడు, వంట చెయ్యడు, మందులు కోడలు చేతికిస్తుంది, కంచంలో అన్నం కలిపి పెడతారు. "ఆయనకు ఏమైనా ఇబ్బంది ఉందా?" అంటే "ఏం లేదండీ, వయసు కదా, కాస్త చాదస్తం" అంటారు. ఆ ఒక్క మాటతో ఆయన లెక్కలోంచి జారిపోతాడు. ఇంటివాళ్ల ఆసరానే రోగాన్ని కప్పేస్తుంది.

ఆ బృందం పేరులోని అంకెల సంగతీ చెప్పాలి. ప్రపంచంలో డిమెన్షియా ఉన్నవాళ్లలో 66 శాతం అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఉంటే, పరిశోధనలో వాళ్ల మీద జరిగింది 10 శాతం లోపే. పేరు అందుకే 10/66.

పసుపు తింటాం కాబట్టి ఇండియన్లకు అల్జీమర్స్ తక్కువ అంటారు. నిజమా?

ఈ మాట బల్లభ్‌గఢ్ అధ్యయనాల నుంచి పుట్టింది. అక్కడ 65 దాటిన ప్రతి వెయ్యి మందిలో ఏడాదికి కొత్తగా అల్జీమర్స్ వచ్చినవాళ్లు 4.7 మంది. పోలిక కోసం తీసుకున్న పెన్సిల్వేనియా ప్రాంతంలో 17.5. అంకెలు నిజమే. వాటికి పసుపు కారణమని మాత్రం ఆ అధ్యయనం చెప్పలేదు. అక్కడివాళ్లు అంత ఎక్కువ కాలం బతకకపోవడం, రోగం వచ్చాక తొందరగా పోవడం, ఇంటివాళ్లు చెప్పకపోవడం, అల్జీమర్స్ ముప్పును పెంచే అపోఈ-4 అనే జన్యురూపం కొంత తక్కువగా ఉండడం, ఇవన్నీ కలిసి ఉండొచ్చు. పసుపులోని కర్క్యుమిన్‌ను మందుగా ఇచ్చి చూసిన ప్రయోగాల్లో అల్జీమర్స్‌ను ఆపగలదని తేలలేదు. పప్పులో పసుపు వేసుకోండి, మందుగా లెక్కపెట్టుకోకండి.

## ఎవరిలో ఎక్కువ, ఎక్కడ ఎక్కువ

ఆడవాళ్లలో ఎందుకు ఎక్కువ?

జాతీయ అంచనాలో ఆడవాళ్లలో 9 శాతం, మగవాళ్లలో 5.8 శాతం. ఆడవాళ్లు ఎక్కువ కాలం బతకడం ఒక కారణం. మన తరంలో అంతకంటే బరువైన కారణం చదువు. 2011 జనాభా లెక్కల్లో 60 దాటిన మగవాళ్లలో 59 శాతం అక్షరాస్యులైతే, ఆడవాళ్లలో 28 శాతమే. చిన్నప్పుడు బడి మాన్పించడం అరవై ఏళ్ల తర్వాత మెదడు మీద బాకీగా వస్తోంది. చదువు మెదడుకు ఒక నిల్వ ఇస్తుంది, జబ్బు మొదలైనా లక్షణాలు బయటపడడం ఆలస్యమవుతుంది.

పల్లెల్లో ప్రశాంతంగా ఉంటారు కదా, అక్కడ తక్కువ ఉండాలి?

లెక్క తిరగబడింది. గ్రామాల్లో 8.4 శాతం, పట్టణాల్లో 5.3 శాతం. ప్రశాంతత సంగతి అలా ఉంచితే, చదువు, బీపీ, షుగరు వైద్యం అందడం, చెవి, కంటి సమస్యలకు చికిత్స, వీటన్నిటిలో పల్లె వెనకే ఉంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎంతమంది ఉంటారు?

జాతీయ శాతాన్ని రాష్ట్ర జనాభాకు వర్తింపజేసి ఉజ్జాయింపుగా లెక్కగట్టొచ్చు. 2021 అంచనాల్లో ఆంధ్రప్రదేశ్ జనాభాలో 12.4 శాతం 60 దాటినవాళ్లు, అంటే దాదాపు 65 లక్షలు. అందులో 7.4 శాతం అంటే 4.8 లక్షలు. తెలంగాణలో వృద్ధుల వాటా 11 శాతం దగ్గర, సుమారు 41 లక్షలు. అందులో 3 లక్షలు. రెండూ కలిపి ఏడెనిమిది లక్షల కుటుంబాలు. ఇది జాతీయ సగటుతో చేసిన గుణకారమే. ఊళ్లలో చదువులేని ఆడవాళ్లు ఎక్కువున్న జిల్లాలో అసలు అంకె దీన్ని దాటొచ్చు. రాష్ట్రంలో వసతులు ఎన్ని కావాలో ఊహించడానికి ఇది చాలు, జిల్లాల మధ్య పోటీ పెట్టడానికి చాలదు.

ఢిల్లీలో తక్కువ, కశ్మీర్‌లో ఎక్కువ అంటున్నారు. అక్కడి గాలి, నీరు కారణమా?

ఢిల్లీలో 4.5 శాతం, జమ్మూ కశ్మీర్‌లో 11 శాతం. గాలి మురికి ఒక్కటే తేల్చే విషయమైతే ఢిల్లీ అట్టడుగున ఉండకూడదు! వయసు, చదువు, పల్లె జనాభా వాటా, నమూనా చిన్నదవడం కలిసి ఈ తేడా తెచ్చాయి. ఒక రాష్ట్రం కంటే మరో రాష్ట్రం ఒక శాతం ఎక్కువుందని వచ్చే వార్తలకు పెద్దగా అర్థం ఉండదు.

రెండు భాషలు మాట్లాడితే రాదా?

రాదని కాదు, ఆలస్యంగా బయటపడుతుందని. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా ఉన్న 648 మందిని పరిశీలించి 2013లో ఫలితం ప్రకటించింది. ఒక్క భాషే వచ్చినవాళ్ల కంటే ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లలో లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. బడికి వెళ్లనివాళ్లలో కూడా ఈ తేడా కనబడడం దీని ప్రత్యేకత. హైదరాబాద్‌లో కూరగాయల బండి అతను కూడా పొద్దున తెలుగు, మధ్యాహ్నం ఉర్దూ, సాయంత్రం హిందీ మాట్లాడతాడు, అందుకే చదువు ప్రభావాన్ని భాష ప్రభావం నుంచి విడదీసి చూడడం ఇక్కడ కుదిరింది.

అమెరికాలో మనకంటే ఎక్కువా తక్కువా?

అక్కడ 65 దాటినవాళ్లలో దాదాపు 10 శాతం. మన 7.4 శాతం 60 నుంచి మొదలవుతుంది. 60-64 మధ్య వాళ్లలో రోగం తక్కువ కాబట్టి వాళ్లు కలిసినప్పుడు సగటు పడిపోతుంది. గీత ఎక్కడ గీశారో చూడకుండా రెండు దేశాలను పోల్చొద్దు.

## ఇంట్లో అనుమానం వచ్చినప్పుడు

మా అమ్మకు 72. ఆమెకు వచ్చే అవకాశం 7.4 శాతమేనా?

కాదు. 7.4 అనేది ఈరోజు 60 దాటిన అందరిలో ఎంతమందికి ఉందో చెప్పే అంకె. ఇక ముందు ఒక మనిషికి వస్తుందా అన్నది వేరే లెక్క. వయసు పెరిగేకొద్దీ ప్రతి అయిదారేళ్లకు రేటు సుమారు రెట్టింపవుతుంది. ఎనభై దాటాక బాగా ఎక్కువ.

క్యాంపులో మతిమరుపు పరీక్ష పెట్టి "అనుమానం ఉంది" అన్నారు. ఖాయమేనా?

ఖాయం కాదు. ఒక ఊహాలెక్క చూడండి. వెయ్యి మంది వృద్ధుల్లో నిజంగా ఉన్నవాళ్లు 74. పరీక్ష నూటికి తొంభై పాళ్లు సరిగ్గా పట్టేదే అనుకుందాం. 74లో 67 మందిని పట్టుకుంటుంది. రోగం లేని 926 మందిలో పదో వంతు, అంటే 93 మందిని కూడా అనుమానితులు అంటుంది. మొత్తం 160 మందికి చీటీ ఇస్తే అందులో అసలైనవాళ్లు సగం కూడా లేరు. క్యాంపు మార్కు అంటే డాక్టరును కలవమని చెప్పడం, అంతే. చెవి వినబడకపోయినా, కళ్లజోడు మరిచి వెళ్లినా, ఆ రోజు జ్వరమున్నా మార్కులు పోతాయి.

చాదస్తమా, జబ్బా? ఎలా తెలుస్తుంది?

మరిచిపోవడం కంటే మార్పు ముఖ్యం. తాళాలు ఎక్కడ పెట్టారో మరవడం వయసు. తాళం చేతిలో పట్టుకుని ఇది దేనికి అనడం అనుమానం. నలభై ఏళ్లుగా పెట్టిన పులుసులో చింతపండు వెయ్యడం తెలియకపోవడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, అదే ప్రశ్న పది నిమిషాల్లో నాలుగుసార్లు అడగడం, దుకాణంలో చిల్లర లెక్క తేలకపోవడం, నెమ్మదస్తుడు అనుమానపు మనిషిగా మారడం గమనించాలి. ఇవి ఆరు నెలలుగా మెల్లగా పెరుగుతుంటే చూపించండి.

నిన్నటిదాకా బాగున్నారు, రెండు రోజుల్లో ఎవరినీ గుర్తుపట్టట్లేదు. డిమెన్షియా వచ్చేసిందా?

గంటల్లో, రోజుల్లో వచ్చే తికమక సాధారణంగా డిమెన్షియా కాదు, డెలీరియం. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం పడిపోవడం, షుగరు తగ్గడం, నిమోనియా, కొత్తగా మొదలుపెట్టిన మందు, తలకు దెబ్బ, ఏదైనా కావొచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

డాక్టరు దగ్గరికి ఏం తీసుకెళ్లాలి? ఏ పరీక్షలు చేస్తారు?

వారితో రోజూ ఉండే మనిషిని తీసుకెళ్లండి, హైదరాబాద్ నుంచి దిగిన కొడుకును కాదు. వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకోండి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న జలుబు, నిద్ర మాత్రలతో సహా. కొన్ని అలర్జీ, నిద్ర మందులే మతిమరుపు తెస్తాయి. ఏది ఎప్పుడు మొదలైందో ఒక కాగితం మీద రాసుకోండి.

రక్తంలో బీ12, థైరాయిడ్, సోడియం, షుగరు, కిడ్నీ, లివర్ పరీక్షలు, తలకు సీటీ లేదా ఎంఆర్‌ఐ మామూలుగా చేయిస్తారు. బీ12 లోపం, థైరాయిడ్ తగ్గడం, డిప్రెషన్, పుర్రె లోపల రక్తం గడ్డకట్టడం, మెదడులో నీరు చేరడం లాంటివి డిమెన్షియాలా కనిపిస్తాయి, వైద్యంతో తగ్గే వీలుంది. బాత్‌రూంలో జారిపడిన నెలకు మతిమరుపు మొదలైతే స్కాన్ వాయిదా వెయ్యకండి.

ఇంతమంది ఉంటే మాకు తెలిసినవాళ్లలో ఒక్కరూ కనబడరేం?

కనబడుతూనే ఉంటారు, పేరు పెట్టరు. భారత్‌లో పది కేసుల్లో తొమ్మిది గుర్తింపునకే రావడం లేదన్న ఒక అధ్యయనాన్ని 2011 ప్రపంచ అల్జీమర్స్ నివేదిక ప్రస్తావించింది. "మతి తప్పింది", "మళ్లీ చిన్నపిల్లాడయ్యాడు", "ముసలితనం" అని మన దగ్గర వాడే మాటల్లో చాలామంది దాగిపోతారు.

## ఇక ముందు

మునుముందు ఎంత పెరుగుతుంది?

2036 నాటికి 60 దాటినవాళ్లు 22.7 కోట్లవుతారని జనాభా అంచనా. శాతం ఇలాగే ఉంటే డిమెన్షియా ఉన్నవాళ్లు దాదాపు 1.68 కోట్లు. ఇంకోవైపు, ప్రపంచ రోగభార అధ్యయనం 2019లో మన దేశంలో 38 లక్షలు ఉన్నారనీ, 2050కి 1.14 కోట్లవుతారనీ చెప్పింది. మొదలుపెట్టిన మెట్టు తక్కువ కాబట్టి 2050 అంకె కూడా 2036 అంకె కంటే తక్కువగా కనిపిస్తుంది. ఆ మెట్టు తక్కువనే మా అభిప్రాయం.

తగ్గించుకునే దారి ఉందా?

కొంత. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 14 కారణాలను గుర్తించి, వాటిని పూర్తిగా తీసేయగలిగితే ప్రపంచంలో 45 శాతం కేసులను ఆపడమో, వెనక్కి నెట్టడమో కుదురుతుందని చెప్పింది. భారత్‌కు 2019లో విడిగా వేసిన పాత లెక్కలో అది 41 శాతం. మన ఇళ్లలో వెంటనే చేయదగినవి నాలుగు: నలభైల నుంచే బీపీ అదుపు, షుగరు అదుపు, చెవి వినబడకపోతే మిషన్, శుక్లాలకు ఆపరేషన్. చివరి రెండూ "ఈ వయసులో ఎందుకులే" అని వాయిదా పడేవే.

సాయం కోసం ఎవరికి ఫోన్ చెయ్యాలి?

వృద్ధుల కోసం జాతీయ హెల్ప్‌లైన్ 14567. మానసిక ఆరోగ్య సలహాకు టెలీ-మానస్ 14416. చూసుకునేవాళ్లు నలిగిపోతున్నప్పుడు కూడా రెండోదానికి చెయ్యొచ్చు.

తెలుగువాళ్ల మీద దీర్ఘకాలం సాగే అధ్యయనం ఏదైనా ఉందా?

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ప్రాంగణంలో ఉన్న మెదడు పరిశోధన కేంద్రం కర్ణాటకలోని కోలార్ జిల్లా శ్రీనివాసపుర తాలూకా పల్లెల్లో 45 దాటిన పది వేల మందిని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పరీక్షించే పని పెట్టుకుంది. ఆ తాలూకా చిత్తూరు వైపు సరిహద్దులో ఉంటుంది, ఇళ్లలో తెలుగు బాగా వినిపిస్తుంది. ఎంతమందికి ఉందన్నది ఒకసారి చేసిన సర్వే చెబుతుంది. ఏడాదికి కొత్తగా ఎంతమందికి వస్తోందో, ఎవరికి ముందు వస్తోందో తెలియాలంటే ఇలా ఒకే మనుషుల వెంట నడవాలి.